ఓబులేసు మంద, నా స్కాలర్‌షిప్పు

ఒక మంద గొర్రెలను నేను ముప్పై ఏళ్లకు పైగా కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. తిన్నానని కాదు. తిని ఉంటే ఎప్పుడో అరిగిపోయేవి. ఇవి అరగని రకం. క్లాసులో పాఠం చెబుతుంటే లోపల ఒకటి మే అంటుంది. పెళ్లి భోజనంలో వేటమాంసం వడ్డించే మనిషి నా విస్తరి ముందు ఆగితే, మంద మొత్తం తలెత్తి నా వైపు చూస్తుంది. డాక్టరు గ్యాసు అన్నాడు. గ్యాసుకు ఇన్ని కాళ్లుండవు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. గిద్దలూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషినని తెలిస్తే చాలు. ఏ విషయమైనా కొంచెం పెంచి చెబుతానని నాకు పేరుంది. బజారుకు పోయి వంకాయలు తెచ్చినా, వచ్చాక నేను చెప్పేది వింటే నల్లమలలో పులి నోట్లోంచి వంకాయలు లాక్కొచ్చానేమో అనిపిస్తుంది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ముఖ్యమైనదేదీ పెంచలేదు. గొడుగు కొలత, మేక వయసు, ఇలాంటివి కొంచెం అటూ ఇటూ కావచ్చు. చేసిన పని మాత్రం ఉన్నది ఉన్నట్టే.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఓబులేసుతో మొదలుపెడితే వాడి మంచితనం చెప్పాలి. అది చెబుతుంటే నాకు చెమట పడుతుంది. మార్కాపురం పలకల వ్యాపారితో మొదలుపెడతాను. ఆయనకు ఈ కథలో ఏ పాపమూ తెలియదు.

రాతి పలకలు అమ్మి బాగా సంపాదించిన ఆ పెద్దాయన తన తల్లి పేరు మీద ఒక ట్రస్టు పెట్టాడు. ఆ తల్లి గొర్రెలు కాసి ఆయన్ను పెంచిందట. అందుకని గొర్రెల మీద బతికే ఇంటి నుంచి ఎవరైనా యూనివర్సిటీకి పోతే, చదువైపోయేదాకా హాస్టలు, మెస్సు, పుస్తకాల ఖర్చంతా ట్రస్టే పెట్టుకునేది. మా వైపు నుంచి ఏడాదికి ఒక్కరికే.

ఓబులేసు, నేను మార్కాపురంలో డిగ్రీ కలిసి చదివాం. వాళ్లది మా ఊరి పక్క పల్లె. తరతరాలుగా గొర్రెల కాపర్లు. వాడు మంద వెనక నడుస్తూ పైకి చదివి చదివి, గొర్రెలకు కూడా ఆర్థికశాస్త్రం వచ్చేసిందని నేను అనేవాణ్ని. మార్కుల్లో ఎప్పుడూ నాకంటే ముందే. ఎంత ముందంటే, వాడి మార్కులు కనపడాలంటే నేను మిద్దె ఎక్కి చూడాలి. ఇద్దరికీ యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు వచ్చింది. పోయేదానికి మాత్రం ఇద్దరి ఇళ్లలోనూ దారి లేదు. వాళ్ల నాయన తేల్చి చెప్పాడు, ట్రస్టు ఇస్తే పో, లేకుంటే కర్ర పట్టుకో అని. మా నాయన ఆ మాట కూడా అనలేదు. ఆ ఏడు ఎండిపోయిన కందిచేను వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు.

దరఖాస్తు ఇవ్వడానికి ఓబులేసు తోడు రమ్మంటే మార్కాపురం పోయాను. వాడు ఇచ్చాడు. ఇద్దరం దోసెలు తిన్నాం. మరుసటి రోజు నేనొక్కణ్నే మళ్లీ పోయి నాది ఇచ్చి వచ్చాను. వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మీకు గొర్రెలు ఏడ ఉన్నాయి బావా అని అడుగుతాడని. మాకు గొర్రెలు లేవు. ఒక మేక ఉండేది. అది మా అవ్వ కాపురానికి వచ్చినప్పుడు ఆమెతో పాటు వచ్చిందని చెప్పుకునేవాళ్లం. దాని గడ్డం చూసి పోస్ట్‌మ్యాన్ నమస్కారం పెట్టేవాడు. ఆ ఒక్క మేక ధైర్యంతో నేను మా ఇంటి జీవనాధారం గొర్రెల పెంపకమని రాసి సంతకం పెట్టాను.

నాకూ అవసరమే కదా, అనుకున్నాను. అవసరం నిజమే. ఇప్పటికీ ఆ మాట దగ్గర నాకు కొంచెం ఊపిరాడుతుంది. కానీ అవసరం ఉన్నవాడు దోసెలు తినేటప్పుడే చెప్పొచ్చు కదా? చెప్పలేదు. దోసె మాత్రం ఇంకొకటి తెప్పించుకున్నాను.

రెండోసారి పోయినప్పుడే ఆఫీసు జవాను మాటల్లో చెప్పాడు, సోమవారం పొద్దున మీ వైపు విచారణకు సారు వస్తున్నాడని. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎండాకాలంలో, వానలకు ముందు, చేనుకు ఎరువు కావాలంటే మంద పెట్టించుకుంటారు. కాపరి తన గొర్రెలను తోలుకొచ్చి రాత్రిళ్లు ఆ చేన్లోనే పడుకోబెడతాడు. అవి వేసిందే ఎరువు. చేను గలవాళ్లు కాపర్లకు తిండి పెట్టి, గింజలు కొలిచి పంపుతారు. ఏ చేనుకు ఎప్పుడన్నది ముందే మాటయిపోయి ఉంటుంది. ఆ వారం ఓబులేసు వాళ్ల మంద వేరేవాళ్ల చేనుకు పోవాలి. నేను పోయి వాణ్ని పట్టుకున్నాను. మా చేను ఎంత నీరసించిపోయిందో, నాలుగు రోజులు ఆలస్యమైతే ఎట్లా కన్నుమూస్తుందో చెప్పి ఏడ్చినంత పని చేశాను. చేను గురించి అంత ఏడ్చిన రైతు బిడ్డను ఆ తాలూకాలో ఎవరూ చూసి ఉండరు. వాడు వాళ్ల నాయనతో పోట్లాడి, మాటిచ్చిన చేనును ఆపి, ఆదివారం సాయంత్రానికి మందను మా చేన్లోకి తోలాడు. నా కోసం.

సోమవారం పొద్దున మా నాయన ఊళ్లో లేడు, దొనకొండలో చుట్టాల పెళ్లికి పోయాడు. మామా, బావా, మీరు ఇంటికి పోయి సంగటి తిని రండి, మందను నేను చూస్తానన్నాను. పుట్టిన తర్వాత నేను ఏ పనికీ నాయంతట నేను ముందుకొచ్చింది లేదు. ఓబులేసు నాయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమోనని చూశాడు. అమ్మకు ముందే చెప్పి ఉంచాను, వడియాలు కూడా వేయించి పెట్టమని, తొందరపడొద్దని, ఒక్కొక్కటే వేయించమని. పోతూ పోతూ ఓబులేసు తన గొంగడి నా భుజాన కప్పి, కర్ర చేతికిచ్చాడు. నా వేషం కూడా వాడే కట్టాడు.

సారు మోపెడ్ మీద వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో తెరిచిన గొడుగు. ఆ గొడుగు కింద మార్కాపురం వారపు సంత పెట్టి, మిగిలిన నీడలో పెళ్లి చేయొచ్చు. రోడ్డు మీదికి ఎదురుపోయి ఆపి, చేన్లోకి తీసుకుపోయాను. ఇంటికి పోనిస్తే మా అమ్మ వడియాలతో పాటు నిజం కూడా వడ్డించేస్తుంది.

ఇన్నీ మీవేనా నాయనా అని అడిగాడు. నేను తల ఊపాను. నోటితో అనలేదు. ఈ తేడాను పట్టుకుని నేను చాలా ఏళ్లు వేలాడాను. నోటితో అనలేదు, తల మాత్రమే ఊపాను. తల ఎవరిది మరి?

గొర్రెల వాళ్లు ప్రతి గొర్రెకూ పేరు పెట్టుకుంటారట కదా, ఒకదాన్ని పిలువు చూద్దామన్నాడు. నేను గొంతు సవరించుకుని "రంగీ" అన్నాను. ఒక్క చెవి కదల్లేదు. ఇంకోసారి పిలిచాను. ఒక పొట్టేలు నన్ను ఎగాదిగా చూసి, నేనెవరో, ఎందుకొచ్చానో, ఎన్ని మార్కులొచ్చాయో అన్నీ తెలుసన్నట్టు వెనక్కి తిరిగి నిలబడింది. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో ఒక పిల్ల వచ్చి నా ప్యాంటు జేబులో మూతి పెట్టింది. జేబులో వేయించిన శనక్కాయలున్నాయి. సారుకు గొంగడి చాటున జేబు కనపడలేదు, ప్రేమ కనపడింది. ఆయన కళ్లు తడిశాయి.

పోయే ముందు గొడుగు సర్దుకుంటూ అడిగాడు. ఈ నాలుగు మాటలే నాకు రోజూ వినిపించేవి.

"పక్క పల్లెలో ఓబులేసని ఇంకొకడు పెట్టినాడు. వాళ్లకు గొర్రెలున్నాయా?"

ఆ గొర్రెల మధ్యే నిలబడి ఉన్నాం. ఒకటి ఆయన చెప్పు నాకుతోంది.

"మీరే పోయి దొడ్డి చూసుకోండి సార్."

"ఉన్నాయా లేవా అని కదా నేనడిగింది."

"నేను చెప్తే బాగుండదు సార్. మీరే చూస్తే మంచిది."

ఆయన నా భుజం తట్టాడు. "పక్కవాని మీద ఒక మాట చెప్పవు. మంచి గుణం నాయనా."

నేను అబద్ధం చెప్పలేదు. చూసుకోండి. ఒక్క అబద్ధం కూడా లేదు. అంత శుభ్రంగా, అంత మర్యాదగా ఒక మనిషి గొంతు కోయొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. నాకు సిగ్గేసిందా? వేసింది. దాంతో పాటు, ఎంత బాగా చెప్పానని కొంచెం గర్వం కూడా వేసింది. ఈ రెండో మాట నేను ఇంతవరకు నాకు నేను కూడా ఒప్పుకోలేదు.

తర్వాత జరిగింది ఆయనే నాకు చెప్పాడు, ట్రస్టు ఆఫీసులో నాకు స్కాలర్‌షిప్పు వచ్చిందన్న రోజు. పల్లెకు పోతే దొడ్డి ఖాళీగా ఉంది. మంద బయట చేలల్లో పడుకుంటోంది కాబట్టి దొడ్డి ఊడ్చి పెట్టుకున్నారు, అద్దంలా ఉంది. పలకల ఊరి మనిషి, ఆయనకు ఈ పద్ధతి తెలియదు. ఓబులేసు వాళ్ల అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. గొర్రెలేవమ్మా అంటే, ఫలానా వాళ్ల చేన్లో ఉన్నాయి సామీ అంది. ఫలానా వాళ్లంటే మేమే. ఆయన ఆ చేన్లోంచే వచ్చాడు. ఆ గొర్రెల ఆసామిని చూశాడు, గొర్రెపిల్ల ప్రేమ కూడా చూశాడు. పక్కవాళ్ల గొర్రెలను తమవని చెప్పుకుంటున్నారని రాసుకుని వచ్చేశాడు. "నీ గొర్రెలను వాళ్లవంటుంది చూడు నాయనా ఆ ముసలామె," అని నాకే చెప్పి బాధపడ్డాడు. అవ్వ చెప్పింది నిజం. నా వల్ల అది అబద్ధమైపోయింది.

ఓబులేసుకు వచ్చిన ఉత్తరంలో తప్పుడు సమాచారం ఇచ్చినందువల్ల అని మాత్రమే ఉంది. వాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. గొడుగేసుకుని ఒక సారు వచ్చాడట, అవ్వ మీ చేను పేరు చెప్పిందట, మీ చేను దగ్గరికి రాలేదా బావా అని అడిగాడు. రాలేదన్నాను. ఈసారి తల ఊపలేదు. నోటితోనే అన్నాను.

అప్పుడు వాడు చేసిన పని మా వైపు మనుషులు తప్ప ఎవరూ చేయరు. గొర్రెలు లేవంటారా, చూపిస్తానని మందను మొత్తం మార్కాపురం తోలాడు. నేనూ వెంట నడిచాను. స్నేహితుణ్ని కదా. దారి పొడవునా హేయ్ హేయ్ అని అదిలించింది నేనే. ఊళ్లోకి వచ్చేసరికి బజారంతా గొర్రెలే. రెండు బస్సులు ఆగిపోయాయి. పూలకొట్టు ముందు వేలాడుతున్న దండలను ముందు వరస గొర్రెలు తినేశాయి. పెళ్లికొడుకు దండ ఒకటి మెడలో వేసుకుని ఒక పొట్టేలు నడిచిందని చెబుతుంటాను, అది నమ్మాల్సిన అవసరం లేదు. ట్రస్టు వీధి మలుపు దగ్గర నాకు కడుపునొప్పి వచ్చింది. వస్తుందని నాకు ముందే తెలుసు. బట్టలకొట్టు అరుగు మీద కూర్చుండిపోయాను.

వాడు చాలాసేపటికి తిరిగొచ్చాడు. ట్రస్టు గుమాస్తా మేడ మీద నుంచి తొంగి చూసి, ఒక్క రోజుకు అద్దెకు తెచ్చిన గొర్రెలు ఎవరైనా చూపిస్తారు పోవయ్యా అన్నాడట. ఆ మాట నాకు చెప్పి ఓబులేసు అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. ఏడవలేదు. కడుపునొప్పి తగ్గిందా బావా అని అడిగాడు.

వాడు కర్ర పట్టాడు. నేను రైలెక్కాను.

నాకు ఖర్చులెవరిచ్చారని అడుగుతారు కదా, దానికి నెల్లూరు వైపు ఒక జమీందారమ్మను పుట్టించాను. పిల్లలు లేరు, పెద్ద మేడ ఉంది. మేడ నిండా చిలకలను కూడా నేనే పెట్టాను. ఓబులేసు నాయన విని చేతులు జోడించాడు. మన వైపు బిడ్డను చదివిస్తున్న తల్లి అని, మంచి గొంగడి ఒకటి నేయించి ఆమెకిమ్మని నా చేతికిచ్చాడు. లేని మనిషికి దాన్ని ఎట్లా ఇవ్వను? హాస్టల్లో కప్పుకుని పడుకున్నాను. గొంగడి ఎవరికైనా గుచ్చుకుంటుంది. నాకు కొంచెం ఎక్కువ గుచ్చుకునేది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుందని సెలవులకు వచ్చినప్పుడు చెప్పాను. ఆ ముసలాయన మురిసిపోయాడు.

ఓబులేసు యూనివర్సిటీ గురించి అడిగేవాడు. అక్కడ క్లాసులు ఎట్లా ఉంటాయి, లైబ్రరీ ఎంతుంటుంది అని. నేను నా అలవాటు కొద్దీ పెంచేవాణ్ని. లైబ్రరీని మార్కాపురమంత చేశాను. ఒక చివర పుస్తకం తీసుకుని ఇంకో చివరకు పోయేలోపు చదవడం అయిపోతుందన్నాను. వాడు నోరు తెరుచుకుని వినేవాడు. నేను ఎంత పెంచితే వాడు పోగొట్టుకున్నది అంత పెద్దదవుతుందని నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆపేవాణ్నా? తెలియదు.

వాడు బాగానే ఉన్నాడు. ఇది నేను నాకు పోసుకున్న మందు. మంద ఉంది, ఇల్లు కట్టాడు, కూతుర్ని చదివించాడు. ఆ మందు చాలా ఏళ్లు పనిచేసింది. మొన్న ఆ కూతురు మల్లీశ్వరి మా ఇంటికి వచ్చేదాకా.

ఆ పిల్లకు ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఏదో స్కాలర్‌షిప్పుకు పెట్టుకోవాలి, ఆదాయం కాగితం మీద తండ్రి సంతకం కావాలి, గడువు దగ్గరపడింది. ఓబులేసు పెట్టనంటున్నాడు. గొర్రెలన్నీ అమ్మైనా ఫీజు కడతాడట, కాగితం మీద మాత్రం పెట్టడట. విచారణకని ఎవడో వచ్చి ఊరి ముందర దొంగలని రాసుకుపోతాడు, మా అవ్వ ఆ మాట మోసుకునే చచ్చిపోయింది, ఇంక నాకొద్దు అంటున్నాడట. అంతా చెప్పి ఆ పిల్ల, మామా, నువ్వు చెబితే వింటాడు అంది.

ఫోన్లో అన్నీ చెప్పి చూశాను. కాలం మారిందన్నాను. ఇప్పుడంతా కంప్యూటరు, గొడుగులు లేవన్నాను. వినలేదు. అప్పటి తప్పు విచారణది కాదు, నాదని చెప్పడమొక్కటే మిగిలింది. పోయాను.

దొడ్లో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోస్తున్నాడు. ఒక్కొక్కదాన్ని మోకాళ్ల మధ్య బిగించి, నోరు తెరిచి పోస్తున్నాడు. కూర్చోమని కూడా అనకముందే మొదలుపెట్టాను. ఆగితే మళ్లీ కడుపునొప్పి వస్తుందని భయం.

"ఆ సారు మా చేనికి వచ్చినాడు బావా. గొర్రెలు మావే అన్నట్టు తలూపినా. మీ సంగతి అడిగితే దొడ్డి చూసుకోమన్నా. స్కాలర్‌షిప్పు తీసుకుండేది నేనే."

వాడు పట్టుకున్న గొర్రెను వదల్లేదు. మందు పోసి, మూతి తుడిచి, ఇంకోదాన్ని లాక్కున్నాడు.

"నిన్ను చూసి గొర్రెల కాపరి అనుకున్నాడా ఆయన?"

"గొంగడి కప్పుకున్నా గదా."

"ఏం గొంగడో. పొట్టేలు తరిమితే నీళ్లతొట్లో దూకినోనివి."

"నిజంగా చెప్తుండా."

"మరి నెల్లూరమ్మ ఎవరు? మా నాయన గొంగడి ఇచ్చి పంపలేదా? ఒళ్లో పెట్టుకొని ఏడ్చిందని నువ్వే గదా చెప్పింది."

"ఆమె లేదు బావా. నేను అల్లినా."

"చిలకలు?"

"చిలకలు గూడా లేవు."

వాడు గొర్రెను వదిలేసి నవ్వాడు. నవ్వి నవ్వి దొడ్డి గుంజను పట్టుకున్నాడు. తర్వాత నవ్వు ఆపి నన్ను చూశాడు. అట్లా నన్ను నా పెళ్లాం కూడా ఎప్పుడూ చూడలేదు.

"నా బిడ్డ సంతకం కోసరం ఇంత మాట నీ మీద నువ్వు ఏసుకుంటావా బావా? సొంత మేనమామ గూడా చేయడు ఇట్ల. ఏదీ, ఏడ పెట్టాలో చూపించు."

చేతులు లుంగీకి తుడుచుకుని సంతకం పెట్టేశాడు. నేను ఒట్టు పెట్టబోయాను. వద్దన్నాడు. ఈ మాట ఇంకొకరి దగ్గర అనొద్దు, నీ ఉద్యోగానికి చెడ్డపేరొస్తుందని జాగ్రత్త చెప్పాడు. మల్లీశ్వరిని పిలిచి, మామకు అన్నం పెట్టమన్నాడు.

నేను మళ్లీ చెప్పి ఉండాల్సింది. ఇంకో రెండు మాటలు గట్టిగా అంటే నమ్మేవాడేమో. నమ్మితే ఆ కాగితం చింపేస్తాడేమోనని ఊరుకున్నానని ఇంటికొచ్చి నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమంటే, వాడు అట్లా చూస్తుంటే బాగుంది. కూర్చుని తిన్నాను. కూర మారు వేయించుకున్నాను.

అందుకే మీ దగ్గరికి వచ్చాను. మీకు నేను చుట్టాన్ని కాదు, మీకు నా మీద ప్రేమ లేదు, మీరు నమ్ముతారు. క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఆ సారు అడిగినదానికి జవాబు ఒకటి బాకీ ఉండిపోయింది. ఆయన ఇప్పుడు లేడు. అయినా చెబుతాను, వింటూ ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి.

ఉన్నాయి సార్. ఇవి ఓబులేసు వాళ్ల గొర్రెలే. మాకు ఒక్కటీ లేదు.